నొప్పులకు మందు పెట్టి, చివరికి సిజేరియన్: లేబర్ రూమ్‌కి ఐదు స్టార్లు, నర్సరీకి ఒకటే

ఈ హాస్పిటల్‌కి వద్దామా వద్దా అని చూస్తున్న గర్భిణుల కోసం కాస్త వివరంగా రాస్తున్నా. "సూపర్ హాస్పిటల్, స్టాఫ్ చాలా మంచివాళ్ళు" అన్న రివ్యూలే అన్నీ, నొప్పులు రావడానికి మందు పెడితే లోపల ఏం జరుగుతుందో రాసినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాకు 41 వారాలు నిండినా నొప్పులు రాలేదు. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది కాబట్టి, వెళ్ళగానే ఆపరేషన్ అంటారనే టెన్షన్‌తోనే వెళ్ళాం. ఎలాగూ కోసేదైతే మంచి ముహూర్తానికే చేయిద్దామని మా అత్తమ్మ పంతులుగారితో మాట్లాడి పెట్టారు కూడా. డాక్టర్ మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు. లోపల పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారం ఇంకా గట్టిగానే ఉంది, మెత్తబడటానికి జెల్ పెడదాం, చాలకపోతే ఆరు గంటలాగి ఇంకోసారి, ఆ తర్వాత సెలైన్‌లో ఆక్సిటోసిన్ అనే నొప్పులు తెప్పించే మందు, ఇవన్నీ చేశాక కూడా సిజేరియన్ అవసరం పడొచ్చు అని మా ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పారు. "బిడ్డకి ఇబ్బంది లేనంతవరకు ఆగుదామమ్మా" అని అత్తమ్మకి నచ్చజెప్పింది కూడా ఆవిడే.

జెల్‌తో పెద్ద బాధేమీ లేదు, పెట్టాక అరగంట కదలకుండా పడుకోమంటారు. అసలు కథ సెలైన్‌తో మొదలవుతుంది. చుక్కలు పెంచుతున్నకొద్దీ ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే టైమ్ కూడా దొరకదు. ఎపిడ్యూరల్ (కాన్పు నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మత్తు) కావాలనుకుంటే అడ్మిషన్ అప్పుడే చెప్పి పెట్టుకోండి, ఇక్కడ రాత్రిపూట మత్తు డాక్టర్ని బయటి నుంచి పిలిపిస్తారు. మా అమ్మని నా పక్కనే ఉండనిచ్చారు, నడుము రుద్దుతూ రాత్రంతా నిలబడే ఉంది పాపం, అందుకు ఈ హాస్పిటల్‌కి ఎన్ని థాంక్స్‌లు చెప్పినా తక్కువే.

తెల్లవారుజామున మెషీన్‌లోంచి వస్తున్న కాగితం చూసి డ్యూటీ డాక్టర్ ముఖం మారింది. చిన్నమ్మాయే, కానీ కంగారు పెట్టలేదు. కాగితం చింపి నా ముందు పట్టుకుని, "ఇటు చూడండి అక్కా, పై గీత పాప గుండె, కింది గీత మీ నొప్పి. నొప్పి తగ్గాక కూడా పై గీత వెంటనే లేవట్లేదు" అని వేలుపెట్టి చూపించింది. సెలైన్ ఆపేశారు, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు, అయినా అలాగే ఉంది, ఇంతలో ఉమ్మనీరు పచ్చగా పోయింది, అంటే పాప కడుపులోనే దొడ్డికెళ్ళిందన్నమాట. మేడమ్ వచ్చి ఇక ఆగకూడదన్నారు. ఏడుస్తూనే సంతకం పెట్టాను, కానీ డబ్బుకోసం కోస్తున్నారన్న అనుమానం నాకు ఒక్క క్షణం కూడా రాలేదు, ఆ కాగితం నా కళ్ళతో చూశాను కాబట్టి.

థియేటర్లో కష్టమంతా వెన్నులో ఇంజెక్షన్ దగ్గరే, నొప్పి వస్తుండగా వంగి కదలకుండా కూర్చోవాలి. తర్వాత పొట్ట దగ్గర లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. పళ్ళు టకటకా కొట్టుకునేంత వణుకు వస్తే భయపడకండి, చాలామందికి వస్తుందట, దుప్పట్లు కప్పుతారు.

ఇక నర్సరీ సంగతి. ఉమ్మనీరు అలా ఉంది కాబట్టి పాపని కాసేపు అబ్జర్వేషన్‌లో పెట్టడం సరైనదే. కానీ పాప బాగుందని పిల్లల డాక్టర్ చెప్పాక కూడా నా దగ్గరికి తేలేదు, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా డబ్బా పాలు పట్టేశారు. అడిగితే "ఆపరేషన్ అయినవాళ్ళకి అప్పుడే పాలెక్కడొస్తాయమ్మా" అంది అక్కడి సిస్టర్. ఇది పచ్చి తప్పు. మొదటి రోజు పిల్లలకి కావాల్సింది చెంచాల లెక్కన వచ్చే ముర్రుపాలే, సిజేరియన్ అయినా తల్లీబిడ్డా బాగుంటే మొదటి గంటలోనే పట్టించొచ్చు. పైగా డిశ్చార్జ్ అప్పుడు డబ్బా పాల శాంపిల్ చేతిలో పెట్టారు, డబ్బా పాల అమ్మకాలు, ప్రచారం మీద ఉన్న 1992 చట్టం ప్రకారం అలా ఇవ్వకూడదు. లేబర్ రూమ్‌లో ప్రతి చిన్నదీ చెప్పి చేసిన హాస్పిటల్‌లోనే ఇలా జరగడం నన్ను చాలా బాధపెట్టింది. వార్డులో నైట్ డ్యూటీ సిస్టర్ ఒకావిడ పాపని కుట్లమీద పడకుండా నా చంక కింద, పక్కనుంచి ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా నేర్పించింది, ఆవిడ లేకపోతే పాపకి నా పాలు అలవాటయ్యేవే కావు.

ఆయమ్మలు మామూలు అడుగుతారు, మేనేజ్‌మెంట్ ఆపాలి. బిల్లు విషయంలో ఒక్క మాట: ప్యాకేజీ చెప్పేటప్పుడు నార్మల్‌కి ఇంత, సిజేరియన్‌కి ఇంత అనే చెప్తారు, నార్మల్‌కి ప్రయత్నించి సిజేరియన్ అయితే లేబర్ రూమ్, మందులు, నర్సరీ చార్జీలు వేరే పడతాయి. ఆ మూడో లెక్క కూడా ముందే కాగితం మీద రాయించుకోండి.

కోత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా పెట్టామని, అన్నీ అనుకూలిస్తే వచ్చేసారి నార్మల్‌కి ప్రయత్నించొచ్చని మేడమ్ డిశ్చార్జ్ షీట్‌లో రాసిచ్చారు. మళ్ళీ కాన్పంటే ఆవిడ దగ్గరికే వస్తాను, పాప నర్సరీకి వెళ్ళాల్సి వస్తే మాత్రం మా అమ్మ కూడా వెంట వెళ్తుందని అడ్మిషన్ ఫారం మీదే రాయిస్తాను.