నీళ్ల కుళాయా, ఆటల పీరియడా: బడిలో ముందు ఏది?

పిల్లలు లావవుతున్నారనగానే బడివాళ్లకు మొదట తట్టేది ఆటల పీరియడ్ పెంచడం. అందరికీ నచ్చే మాట అది, క్యాంటీన్ జోలికి వెళ్లే పనే ఉండదు. కానీ బరువు ఒక్కటే చూసుకుంటే, ముందు మార్చాల్సింది క్యాంటీనే అంటాను.

లెక్క చూడండి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 140 కేలరీలు. 30 కిలోల పిల్లవాడికి అది ఖర్చవ్వాలంటే సుమారు అరగంట ఆగకుండా పరుగెత్తాలి. పీరియడ్‌లో అంతసేపు పరుగెత్తేదెవరు? హాజరు, వరుసలు, జట్లు పంచుకోవడం, ఆపైన బంతి తన దాకా వచ్చేవరకు ఎదురుచూపు. లావుగా ఉన్నవాణ్ని ఎలాగూ గోల్ దగ్గర నిలబెట్టేస్తారు. డబ్బా ఖాళీ చేయడానికి మాత్రం రెండు నిమిషాలు చాలు.

అలాగని అమ్మకం ఆపేస్తే సరిపోదు. ఫ్రాన్స్ 2005లో బడుల్లో తినుబండారాలు, పానీయాలు అమ్మే వెండింగ్ మెషీన్లు నిషేధించింది. మంచి పనే, కానీ గేటు బయట అదే సరుకు దొరికితే పిల్లలు అక్కడే కొనుక్కుంటారు. తీసేసినచోట ఇంకోటి పెట్టాలి. జర్మనీలోని డార్ట్‌మండ్, ఎస్సెన్ నగరాల్లో 32 ప్రాథమిక పాఠశాలలతో ఒక అధ్యయనం చేశారు. దాదాపు సగం బడుల్లో తాగునీటి యంత్రాలు పెట్టి, నీళ్ల గురించి నాలుగు పాఠాలు చెప్పారు. 2009లో ఫలితాలు వచ్చాయి: ఆ పిల్లలు రోజుకు ఒక గ్లాసు ఎక్కువ తాగారు, అధిక బరువు ముప్పు 31 శాతం తగ్గింది. సగటు బీఎంఐలో (ఎత్తును బట్టి బరువును చూసే కొలత) మాత్రం తేడా కనబడలేదు, కాబట్టి దీన్ని మంత్రదండం అనుకోవద్దు. అయినా ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఆటల పీరియడ్‌తో రావడం కష్టం.

ఆటలు వద్దనడం లేదు. 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎముకలకు, గుండెకు, మనసుకు అది కావాల్సిందే. విరామంలో మైదానం తెరిచి నాలుగు బంతులిస్తే చాలావరకు సరిపోతుంది.

కొన్నిచోట్ల పిల్లల బరువు తూచి ఇంటికి రిపోర్టు పంపుతారు. దీన్ని మానేయడమే మేలు. కాలిఫోర్నియాలో 79 పాఠశాలల్లో పరీక్షిస్తే బరువు తగ్గలేదు. పైగా, తూచిన పిల్లల్లో తమ శరీరంపై అసంతృప్తి పెరిగింది.

డబ్బు ఒక్కదానికే ఉంటే నీళ్లకే పెట్టండి. కుళాయి మరుగుదొడ్ల పక్కన కాకుండా క్యాంటీన్ క్యూ దగ్గర, సీసా నిలువుగా పట్టేంత ఎత్తులో ఉండాలి.