మెరిడియన్ సమీక్ష: ఫ్యాక్టరీలకు సరుకు అమ్మేవాళ్ళు ఏం మార్చుకోవాలి

ఏ ప్రకటన ఖర్చు ఎంత ఆదాయం తెచ్చిందో అంచనా కట్టే మెరిడియన్‌ను గూగుల్ 2025 జనవరిలో అందరికీ తెరిచింది. పైథాన్‌లో నడుస్తుంది, ఉచితం, గూగుల్ ఆన్‌లైన్ సేవ కొలాబ్‌లో దొరికే టీ4 జీపీయూ (లెక్కలు వేగంగా చేసే చిప్) చాలు. లోపలి లెక్క గట్టిది. కానీ డిఫాల్ట్ సెట్టింగులు సబ్బులూ బిస్కెట్లూ అమ్మేవాళ్ళకు కుదురుతాయి. పంపులో వాల్వులో అమ్మేవాళ్ళు వాటిని అలాగే వదిలేస్తే తప్పు జవాబు వస్తుంది.

ముందుగా మ్యాక్స్ ల్యాగ్, అంటే ప్రకటన ప్రభావాన్ని ఎంతకాలం లెక్కలోకి తీసుకోవాలన్న పరిమితి. డిఫాల్ట్ 8. వారాల డేటా ఇస్తే, 8 వారాలు దాటాక ప్రకటన ప్రభావం లేనట్టే లెక్క. ఎంక్వైరీ, కొటేషన్, ట్రయల్ అన్నీ దాటి పీవో (కొనుగోలు ఆర్డర్) చేతికొచ్చేసరికి ఆరు నెలలు పట్టే వ్యాపారం మనది. పోనీ 26 పెడదామంటే మోడల్ ఒక కొలిక్కి రావడమే కష్టమవుతుంది. అందుకే కేపీఐగా, అంటే మోడల్ వివరించాల్సిన ఫలితంగా, ఆర్డర్లు వద్దు, సేల్స్ టీమ్ పరిశీలించి ఒప్పుకున్న ఎంక్వైరీలు ఇవ్వండి. సగటు ఆర్డర్ 12 లక్షలు, వంద ఎంక్వైరీల్లో 8 ఆర్డర్లవుతుంటే ఒక్కో ఎంక్వైరీ విలువ 96,000. అదే రెవెన్యూ పర్ కేపీఐ. ఈ అంకె అన్ని ఛానళ్ళకూ ఒకటే కాబట్టి, తక్కువ ఎంక్వైరీలే తెచ్చినా ఎక్కువ ఆర్డర్లు కుదిర్చే ఛానల్‌కు అన్యాయం జరుగుతుంది. ఆ తేడాను విడిగా చూసుకోవాలి.

తర్వాత నాట్స్, అంటే గిరాకీ కాలంతో మారడాన్ని మోడల్ పట్టుకునే గుర్తు బిందువులు. రాష్ట్రాలవారీగా కాకుండా దేశమంతటికీ ఒకే వరుస ఇస్తే డిఫాల్ట్ 1. అంటే ప్రకటనలు లేకున్నా ఉండే గిరాకీ ఏడాది పొడవునా ఒకేలా ఉందనుకుంటుంది. మార్చిలో బడ్జెట్ మురిగిపోకుండా కంపెనీలు కొనే హడావుడంతా ఆ నెల నడిచిన లింక్డిన్ ప్రకటనల ఖాతాలో పడుతుంది. నాట్స్‌ను జాబితాగా కూడా ఇవ్వొచ్చు. మార్చి చుట్టూ దగ్గర దగ్గరగా పెట్టండి.

సెర్చ్ ప్రకటనలదీ ఇదే గోల. కొనాలనుకున్నవాళ్ళే వెతుకుతారు కాబట్టి గొప్పంతా సెర్చ్‌కే పోతుంది. జనం ఎంత వెతికారన్న అంకెను కంట్రోల్‌గా చేర్చాల్సిందే, అప్పుడే ఆ గిరాకీ సెర్చ్ ప్రకటనల గొప్పలోంచి విడిపోతుంది.

రన్ అయ్యాక ఆర్-హ్యాట్ (మోడల్ లెక్క కుదురుకుందో లేదో చెప్పే అంకె) 1.2 దాటితే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేయండి. దాటకపోయినా, ప్రయర్ (డేటా చూడకముందు అంచనా), పోస్టీరియర్ (డేటా చూశాక అంచనా) పక్కపక్కన చూపే గ్రాఫ్ చూడకుండా బడ్జెట్ మీద చెయ్యి వేయకండి. హైటెక్స్‌లో ఏడాదికి రెండు ఎగ్జిబిషన్లలో స్టాల్ పెట్టారనుకోండి: రెండేళ్ళ, అంటే 104 వారాల, ఖర్చు కాలమ్‌లో 100 సున్నాలు, నాలుగే అంకెలు. మోడల్‌కు నేర్చుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు రెండు వంపులూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఆర్‌ఓఐ (రూపాయి ఖర్చుకు వచ్చిన రాబడి) 1.2 దగ్గర కనబడితే అది మీ డేటా చెప్పింది కాదు, డిఫాల్ట్ ప్రయర్ మధ్యస్థం. అలాంటి ఛానల్‌ను మోడల్‌కు వదలకండి. స్టాల్‌లో అందిన విజిటింగ్ కార్డుల్లో ఎన్ని పీవోలయ్యాయో రిజిస్టర్‌లో లెక్కపెట్టుకోండి.