మెడికెయిడ్ అర్హతతో వచ్చిన పది డాలర్ల ట్యాబ్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ ఒక కిరాణా దుకాణంలో పూటపని చేసుకునే నాకు, 2023 వేసవిలో ఎనిమిది అంగుళాల ట్యాబ్ పది డాలర్ల ఒక సెంటుకు వచ్చింది. చాలామంది అనుకునేట్టు దాన్ని మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఇవ్వలేదు. మా రాష్ట్రంలో న్యూజెర్సీ ఫ్యామిలీకేర్ అని పిలిచే ఆ పథకంలో ఉండటం అర్హతకు రుజువుగా మాత్రమే పనికొచ్చింది. డబ్బు పెట్టింది అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ అనే కేంద్ర పథకం. ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల వరకు, ఇంటికి ఒక్కసారి ట్యాబ్ లేదా కంప్యూటర్ ధరలో 100 డాలర్ల వరకు అది తగ్గించేది. అయితే కొనేవారు తమ వంతుగా 10 డాలర్లకు పైన, 50 డాలర్లకు లోపు చెల్లించి తీరాలన్నది నిబంధన. ఆ ఒక్క సెంటు అక్కడినుంచి వచ్చిందే.

ట్యాబ్ కంటే ముందు దరఖాస్తు గురించి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు అసలు చిక్కు అక్కడే ఎదురవుతుంది. నా గుర్తింపు కార్డులో పేరు ఒక వరుసలో, మెడికెయిడ్ కార్డులో ఇంటిపేరు ముందుకు వచ్చి మరో వరుసలో ఉండటంతో, అర్హతను సరిచూసే నేషనల్ వెరిఫయర్ నన్ను ఇద్దరు వేర్వేరు మనుషులుగా భావించి మొదటిసారి తిరస్కరించింది. పుట్టినతేదీ, పూర్తి పేరు రెండూ ఉన్న అర్హత లేఖను తెప్పించుకుని జతచేశాక ఆమోదం వచ్చింది. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రావడం సహజమే కానీ, ఆ సంగతి కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

ఇక వస్తువు సంగతి. 2 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇది. ఆ నిల్వలో చాలా భాగం ట్యాబ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కే పోతుంది కాబట్టి, మనవరాలి వీడియోలను నెలనెలా తీసేయక తప్పలేదు. తెలుగు చదవడానికి తెర బాగానే ఉంది. ఒత్తులు స్పష్టంగా కనిపిస్తాయి, కానీ తెలుగు కీబోర్డు తెరిస్తే అక్షరం వేలికంటే వెనకబడుతుంది. రెండు యాప్‌లు ఒకేసారి తెరిస్తే మొదటిది మూసుకుపోతుంది. అయినా డాక్టరుతో వీడియో సంప్రదింపులకు ఇది ఎన్నడూ మొరాయించలేదు. నాలాంటివారికి అదే ముఖ్యం. కోవిడ్ కాలంలో ఆగిన మెడికెయిడ్ అర్హత పునఃపరిశీలనలు 2023లో మళ్లీ మొదలైనప్పుడు, నోటీసులోని చీమతలకాయ అక్షరాలను దీని కెమెరాతో పెద్దవి చేసుకుని చదివాను. ఆ కెమెరా ఫొటోలకు మాత్రం పనికిరాదు.

మింగుడుపడనిది ఏమిటంటే, ట్యాబ్ అమ్మిన సంస్థ సిమ్ తప్ప మరొకటి ఇందులో పనిచేయదన్న మాట పెట్టె తెరిచాకే తెలిసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త దరఖాస్తులు ఆగిపోయి, జూన్ 1 నాటికి నిధులు లేక పథకమే ముగిసినప్పుడు, ట్యాబ్ నాదిగా మిగిలింది కానీ నెలవారీ డేటా పోయింది. అదే సంస్థ పూర్తి ధర ప్రణాళికకు మారమని సందేశాలు పంపడం మొదలుపెట్టింది. నేను మారలేదు. లైఫ్‌లైన్ అనే పాత పథకం ఇంకా ఉంది. అది మెడికెయిడ్ వారికి నెలకు 9.25 డాలర్ల వరకు ఫోను లేదా ఇంటర్నెట్ బిల్లులో తగ్గిస్తుంది, కానీ పరికరానికి పైసా ఇవ్వదు. అందుకే ఇప్పటికీ మెడికెయిడ్ పేరుతో ఉచిత ట్యాబ్ అని ప్రకటన కనబడితే, డబ్బు ఏ పథకం నుంచి వస్తోందో, నెలనెలా ఏం కట్టాలో అడగకుండా మీ సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో మనిషిని గుర్తించే ప్రభుత్వ సంఖ్య) ఇవ్వవద్దు.

నేను దీన్ని ఇప్పుడు గ్రంథాలయం వైఫై మీద వాడుతున్నాను. బ్యాటరీ మూడు గంటలకు పడిపోయింది, ఛార్జింగ్ తీగను కాస్త పక్కకు వంచి పట్టుకుంటే తప్ప ఎక్కడం లేదు.