స్ప్రింట్ స్లెడ్: ఇనుము సరే, బెల్టూ తాడూ ఎలా ఉన్నాయో చూడండి

పరుగెత్తేవాళ్ల కోసమని అమ్మే బలం పరికరాల్లో పెట్టిన డబ్బుకు తగ్గ పని చేసేవి నాలుగైదు మించి ఉండవు. వాటిలో లాగుడు స్లెడ్ ఒకటి, అంటే నడుముకు తాడుతో కట్టుకుని వెనక నేల మీద ఈడ్చుకుంటూ పరుగెత్తే ఇనుప బండి. ఈ సమీక్ష అన్నిచోట్లా దొరికే మామూలు రకం గురించి: వంపు తిరిగిన ముందుభాగం, కింద రెండు ఇనుప పట్టాలు, మధ్యలో బరువు ప్లేట్లు గుచ్చే నిలువు గొట్టం, దానితోపాటు ఒక నడుము బెల్టు, ఒక తాడు. చక్రాలూ అయస్కాంత బ్రేకులూ ఉన్న ఖరీదైన రకాల జోలికి పోవడం లేదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే స్లెడ్ కొనండి, దాంతో వచ్చిన తాడు మార్చేయండి, బెల్టు మాత్రం పట్టి చూశాకే ఉంచుకోవాలో వద్దో తేల్చుకోండి.

మొదట చూడాల్సింది ఖాళీ స్లెడ్ బరువు. కొనేవాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. బరువైన స్లెడ్ గట్టిదన్న భ్రమ ఒకటుంది. తేలికపాటి లాగుడులో అసలు వేగం 10 శాతం కన్నా ఎక్కువ తగ్గకూడదు. మామూలు పచ్చిక మీద అందుకు సరిపోయే మొత్తం బరువు దాదాపు శరీర బరువులో 10 నుంచి 13 శాతం. 60 కిలోల రన్నర్‌కి అది 6 నుంచి 8 కిలోలు. స్లెడ్ ఒక్కటే 12 కిలోలు తూగితే ప్లేటు పెట్టకముందే హద్దు దాటిపోయినట్టే. పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లు, సన్నగా ఉండే దూరపు పరుగువాళ్లు 5 కిలోల లోపు స్లెడ్ వెతుక్కోవాలి. బరువు కావాలంటే ఎప్పుడైనా పెంచుకోవచ్చు కానీ ఇనుమును కోసి తగ్గించలేం కదా.

తర్వాత తాడును కట్టే కొక్కెం ఎక్కడుందో చూడండి. అది నేలకు దగ్గరగా, ముందు వంపు కింది భాగంలో ఉండాలి. ఎత్తులో ఉంటే లాగినప్పుడల్లా ముక్కు నేలలోకి దిగబడుతుంది, పచ్చిక లేచిపోతుంది. ప్లేట్లు గుచ్చే గొట్టం నడిమధ్యకు కాస్త వెనక ఉన్నది మేలు. గొట్టం మందం మీ దగ్గరున్న ప్లేట్ల రంధ్రానికి సరిపోతుందో లేదో టేపుతో కొలుచుకోండి. ఒలింపిక్ ప్లేట్ల రంధ్రం 50 మిల్లీమీటర్లు, చిన్న ప్లేట్లది అందులో సుమారు సగం. పెద్ద రంధ్రమున్న ప్లేటు సన్న గొట్టంలో వేస్తే అడుగడుక్కీ గలగలలాడుతూ పక్కకు జరుగుతుంది, స్లెడ్ వంకరగా పోతుంది. అలాంటప్పుడు గొట్టానికి తొడుగు వేసుకోవాలి, ప్లేట్ల పైన స్ప్రింగ్ క్లిప్ బిగించాలి. క్లిప్ లేకుండా లాగితే గతుకు తగిలినప్పుడు ప్లేటు ఎగిరి పక్కన నిలబడ్డవాళ్ల కాలి మీద పడే ప్రమాదం ఉంది.

పట్టాల అంచులను వేలితో తడిమి చూడండి. వెల్డింగ్ దగ్గర మిగిలిన పొక్కులు, కోసిన చోట పదునైన అంచులు ఉంటే ఆకురాయితో నునుపు చేయించాలి. ఆ అంచులే సింథటిక్ ట్రాక్‌ను చీరేస్తాయి. ట్రాక్ నిర్వాహకులు ఇనుప స్లెడ్ వద్దనడం సబబే. అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టీ బిగించే వీలున్న రకమైతే మంచిది, కానీ ఆ పట్టీ వేశాక రాపిడి మారుతుంది కాబట్టి పాత బరువుల లెక్క పనికిరాదు.

ఇక తాడు. అసలు లోపమంతా ఇక్కడే. కిట్‌తో వచ్చే తాడు చాలావరకు 2 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. నడుము దగ్గర కొక్కెం నేలకు మీటరు ఎత్తులో, స్లెడ్ కొక్కెం 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే తేడా 90 సెంటీమీటర్లు. 2 మీటర్ల తాడు అయితే నేలతో దాదాపు 27 డిగ్రీల కోణం వస్తుంది. అంటే తాడులో ఉన్న బిగువులో 45 శాతం మేర స్లెడ్‌ను పైకెత్తే దిశలో, మనిషిని కిందికి లాగే దిశలో పనిచేస్తుంది. ముందుభాగం లేచి పడి, లేచి పడి, నడుముకు కుదుపులు తగులుతాయి. అదే 5 మీటర్ల తాడు అయితే కోణం పదిన్నర డిగ్రీలు, పైకెత్తే వాటా 18 శాతం. తేడా మొదటి పరుగులోనే తెలుస్తుంది. స్లెడ్ నేలను అంటుకుని సాఫీగా వస్తుంది. ఆగేటప్పుడు తేలిక స్లెడ్ జారుకుంటూ వచ్చి మడమలకు తగిలే భయం కూడా తగ్గుతుంది. సాగని అల్లిక తాడు తీసుకోండి. రబ్బరు కలిసిన తాడు మొదటి అడుగుల్లో సాగి, తర్వాత ఒక్కసారిగా లాగుతుంది.

బెల్టు సంగతికొస్తే, అంటుకునే పట్టీతో మూసుకునే బెల్టులు బరువు పెరిగేకొద్దీ, చెమట పట్టేకొద్దీ ఊడిపోతాయి. పళ్లున్న ఇనుప బకిల్ ఉన్నది ఎంచుకోండి. వెడల్పు కనీసం 8 సెంటీమీటర్లు ఉంటే మంచిది. సన్న బెల్టు పైకి జారి పొట్ట మీదికి వస్తుంది, అప్పుడు ఊపిరి అందదు. బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, వెనక ఒకే ఒక్క రింగు వెన్ను మధ్యకు రావాలి. రెండు పక్కలా రెండు రింగులతో తాడును వీ ఆకారంలో కట్టే రకం చూడటానికి పటిష్ఠంగా ఉంటుంది కానీ, పరుగులో తుంటి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఒక్కో వైపు లాగి స్లెడ్‌ను ఊపుతుంది. రింగును పట్టుకున్న కుట్టును తిరగేసి చూడండి: నాలుగు పక్కలా కుట్టు వేసి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు కుట్టు ఉంటే నిలుస్తుంది. ఒక్క వరస కుట్టు మాత్రమే ఉంటే కొన్ని వారాల్లో పోగులు లేస్తాయి.

భుజాలకు తగిలించుకునే జీను కూడా కొన్ని కిట్లలో ఇస్తారు. అది నడుము ఎముకను దాటి పైనుంచి లాగుతుంది కాబట్టి ఛాతీ వెనక్కి పోకుండా ఆపుకోవడానికి మొండెం అదనంగా వంగాల్సి వస్తుంది. బరువైన స్లెడ్‌తో నడిచేటప్పుడు అది హాయిగానే ఉంటుంది. పరుగుకు మాత్రం నడుము బెల్టే వాడండి.

బరువు ఎంత వేయాలన్నదానికి పెట్టె మీద ముద్రించే పట్టికను నమ్మకండి. అవి శరీర బరువులో ఇంత శాతం అని చెప్తాయి. తడి పచ్చిక, ఎండిన పచ్చిక, కృత్రిమ టర్ఫ్, ట్రాక్, వీటన్నిటి మీదా రాపిడి వేరు, కాబట్టి అదే ప్లేటు ఒకచోట తేలిక, ఇంకోచోట భారం. ఒకే దారిలో పదిసార్లు లాగితే పచ్చిక నలిగి అక్కడా రాపిడి మారుతుంది. కొలవాల్సింది వేగం ఎంత తగ్గిందన్నదే. బరువు లేకుండా పూర్తి వేగంతో పరుగెత్తినప్పుడు 10 మీటర్లకు 1.25 సెకన్లు పడితే అది సెకనుకు 8 మీటర్లు. వేగం 10 శాతం తగ్గాలంటే స్లెడ్‌తో ఆ 10 మీటర్లకు 1.39 సెకన్లు పట్టాలి, 25 శాతానికి 1.67, 50 శాతానికి 2.5. ఆ సమయం వచ్చేదాకా ప్లేట్లు మార్చుకుంటూ పోవడమే. తేలిక బరువుతో 20 నుంచి 30 మీటర్ల మధ్య కొలవండి. భారీ బరువుతో వేగం తొందరగా గరిష్ఠానికి చేరుతుంది కనుక 10 నుంచి 20 మీటర్ల మధ్య చాలు.

కొలతకు ఫోను చాలు, మామూలు వీడియో మాత్రం చాలదు. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 0.033 సెకను తప్పు వచ్చే అవకాశం ఉంది. 120 ఫ్రేములకు మార్చుకుంటే అది 0.008కి తగ్గుతుంది. ఫోనును దారికి 10 మీటర్ల దూరంలో, కొలిచే ముక్కకు సరిగ్గా మధ్యలో ఎదురుగా నిలబెట్టండి. ఆ 10 మీటర్ల ముక్కకు రెండు చివర్లా గుర్తుగా పెట్టే కర్రలను రన్నర్ దారికి మీటరు ఇవతల, ఫోను వైపు పాతితే, ఒక్కోదాన్ని అర మీటరు లోపలికి జరపాలి. అంటే మధ్య నుంచి 5 మీటర్లకు బదులు 4.5 మీటర్ల దగ్గర. అప్పుడే ఫోనుకు కనిపించే గీత అసలు 10 మీటర్ల గీతతో కలుస్తుంది. ప్రతిసారీ నడుము కర్రను దాటిన ఫ్రేమునే లెక్కలోకి తీసుకోండి, చెయ్యో తలో కాదు.

రెండు రకాల బరువుకూ రెండు పనులు. తేలిక స్లెడ్‌తో 20 నుంచి 30 మీటర్లు, 4 నుంచి 6 సార్లు, పరుగు తీరు చెడకుండా. వేగం సగానికి పడిపోయే భారీ బరువుతో 10 నుంచి 20 మీటర్లు, 5 నుంచి 8 సార్లు, ప్రతి పరుగుకూ మధ్య 3 నిమిషాలు తగ్గకుండా విశ్రాంతి. పచ్చిక మీద ఈ రెండో రకానికి శరీర బరువులో 70, 80 శాతం, ఒక్కోసారి ఇంకా పైకి కూడా పోతుంది. ఆ అంకె చూసి హడలిపోనక్కర్లేదు. నేల మీద జారే బరువు అది, భుజాన మోసేది కాదు. వారానికి రెండుసార్లు మించొద్దు, పోటీకి రెండు వారాల ముందు భారీ లాగుడు ఆపేయాలి. చివరి స్లెడ్ పరుగు తర్వాత బెల్టు విప్పి రెండు మూడు ఉత్త పరుగులు తీయడం మరవొద్దు.

బయలుదేరే ముందు ఒక అడుగు ముందుకు జరిగి తాడు వదులంతా లాగేసుకోండి. తాడు వదులుగా ఉండగా దూకితే రెండో అడుగులో నడుము వెనక్కి లాగినట్టవుతుంది. కదలని స్లెడ్‌ను కదిలించడానికి పట్టే బలం, కదిలాక లాగడానికి పట్టే బలం కన్నా ఎక్కువ కూడాను. బెల్టు కుట్లు తెగేదీ సాధారణంగా ఆ క్షణంలోనే. అడుగులు మరీ పొట్టిగా, పాదాలు ఈడ్చినట్టు పడుతున్నాయంటే బరువు ఎక్కువైంది. నడుము దగ్గర వంగిపోయి మొండెం ముందుకు వేలాడుతున్నా అంతే.

నడుముకు కట్టుకుని పరుగెత్తే చిన్న పారాచూట్, రబ్బరు తాడు లాంటి ప్రత్యామ్నాయాల గురించి అడిగేవాళ్లు ఉన్నారు. పారాచూట్ గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. మొదటి అడుగుల్లో అది ఉన్నా లేనట్టే, పక్కగాలి వస్తే అటూ ఇటూ ఊగుతుంది. రబ్బరు తాడు సాగేకొద్దీ లాగుడు పెరుగుతుంది కాబట్టి ఎక్కడ ఎంత బరువు పడిందో చెప్పలేం. స్లెడ్ రాపిడి వేగంతో పెద్దగా మారదు. మొదటి అడుగు నుంచి ఆఖరు దాకా దాదాపు ఒకే బరువు, అందుకే దీనికి నా ఓటు.

అయితే ఇది చేయలేని పనులు కూడా ఉన్నాయి. పూర్తి వేగంలో నిటారుగా పరుగెత్తేటప్పుడు మేటి స్ప్రింటర్ల పాదం నేల మీద ఉండేది సుమారు 0.1 సెకనే. స్లెడ్ లాగేటప్పుడు అది అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి స్లెడ్ మెరుగుపరిచేది బయలుదేరే దశను, గరిష్ఠ వేగాన్ని కాదు. ఆ వేగం కోసం బరువు లేకుండా ఫ్లయింగ్ 30 (ముందే వేగం అందుకుని వచ్చి 30 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తడం) లాంటివి విడిగా చేయాల్సిందే. తొడ వెనక కండరం (హామ్‌స్ట్రింగ్) సాగుతూ బరువు ఆపడం ఇందులో దాదాపు ఉండదు. మర్నాడు కండరాలు అంతగా నొప్పెట్టకపోవడానికి కారణం అదే, హామ్‌స్ట్రింగ్ గాయాల నుంచి కాపాడే శక్తి దీనికి లేకపోవడానికీ అదే. నార్డిక్ కర్ల్స్ (మోకాళ్ల మీద ఉండి మొండెం మెల్లగా ముందుకు వాల్చే వ్యాయామం), స్క్వాట్లు మానేసి స్లెడ్ లాగితే సరిపోతుందనుకోవద్దు.

పిక్కలకూ, వాటిని మడమకు కలిపే అకిలీస్ స్నాయువుకూ మాత్రం ఇది బాగా పని పెడుతుంది. అక్కడ ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లు దీన్ని ఇప్పుడే కొనొద్దు. మిగతావాళ్లు మొదటి రెండు వారాలు తేలిక బరువుకే పరిమితమవ్వండి. దగ్గర్లో ఏటవాలు కొండదారి ఉన్న దూరపు పరుగువాళ్లకు స్లెడ్ అవసరం పెద్దగా లేదు. చదును నేల తప్ప వేరే దారి లేనివాళ్లకు, పొట్టి దూరాల వాళ్లకు, ఫుట్‌బాల్, కబడ్డీ లాంటి ఆటల్లో మొదటి 10 మీటర్ల మీద బతికేవాళ్లకు ఇది కొనదగ్గ సరుకు. కొన్నరోజే కొత్త తాడు కట్టించి, పట్టాల అడుగున తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచి, ఖాళీ స్లెడ్‌ను తూచి ఆ అంకెను గొట్టం మీద పెయింటుతో రాసిపెట్టుకోండి.