ఎనిమిదేళ్ళుగా వింటున్న 'ఫ్లెక్స్ యువర్ హెడ్'

మాది విజయనగరం, ఉద్యోగం ఆమదాలవలసలో. పొద్దున రైలు కదలగానే ఈ ఆల్బం పెడితే పొందూరు దగ్గరికొచ్చేసరికి అయిపోతుంది. సీడీ అమెరికా నుంచి మా బావ తెచ్చాడు. ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

1982లో డిస్కార్డ్ రికార్డ్స్ అనే లేబుల్ (పాటల రికార్డులు తెచ్చే సంస్థ) తెచ్చిన సంకలనం ఇది. వాషింగ్టన్ డీసీ హార్డ్‌కోర్ పంక్ (రాక్ సంగీతంలో బాగా వేగంగా, మొరటుగా ఉండే రకం) బ్యాండ్లు పదకొండు, పాటలు 32, అన్నీ ఒకే ఎల్‌పీలో. నిమిషంలో ముగిసే పాటలూ ఉన్నాయి. పాడినవాళ్ళలో చాలామందికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

మొదటి నెల నాకు అంతా ఒకటే గోలగా అనిపించింది. మాది 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు. శ్రుతి కాస్త తప్పినా ముఖం చిట్లించే పెద్దల మధ్య పెరిగాను. అలాంటి చెవికి వాయిడ్ అనే బ్యాండ్ తగిలింది. డ్రమ్ముల వెనక గిటారు కీచుమంటూ పరిగెడుతుంది, గాయకుడు గొంతు చించుకుంటాడు, పాట ఇక్కడే కుప్పకూలుతుందేమో అనిపిస్తుంది. కూలదు. ఆ టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు, ఆల్బంలో నాకు అన్నిటికంటే ఇష్టం వాళ్ళే. మైనర్ థ్రెట్‌వి రెండే పాటలు. అందులో ఒకటి బ్రిటన్ బ్యాండ్ వైర్‌ది. మైనర్ థ్రెట్ గాయకుడు ఇయాన్ మెకాయ్ ఎంత వేగంగా పాడినా మాట మాట తెలుస్తుంది.

ఇయాన్, డ్రమ్మర్ జెఫ్ నెల్సన్ 1980లో ఈ లేబుల్ మొదలుపెట్టింది తమ అంతకుముందు బ్యాండ్ టీన్ ఐడిల్స్ పాటలు బయటికి తేవడానికే. కచేరీల్లో వచ్చిన డబ్బు కూడబెట్టుకుని, ఆ రికార్డు అట్టలు తామే కత్తిరించి, మడిచి, జిగురు రాసి అంటించారు. అప్పటికే టీన్ ఐడిల్స్ విడిపోయింది. ఈ సంకలనం వచ్చేనాటికి స్టేట్ ఆఫ్ అలర్ట్ అనే బ్యాండ్ కూడా లేదు. దాని గాయకుడు హెన్రీ రోలిన్స్ 1981లోనే వేరే బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్‌లో చేరిపోయాడు. అయినా వాళ్ళ పాటలు ఇక్కడ ఉన్నాయి.

ఇది నన్ను ఎందుకు పట్టుకుందంటే, మా మావయ్య తప్పెటగుళ్ళ జట్టులో ఉండేవాడు. రొమ్ముకి తప్పెట కట్టుకుని, కాళ్ళ గజ్జెలు మోగుతుంటే ఎగురుతూ పాడేవాళ్ళు. జట్టు చెదిరిపోయింది. ఒక్క క్యాసెట్టు లేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఈ ఆల్బం ఫోన్‌లో వినిపించాను. మావయ్య కళ్ళు మూసుకుని మంచం పట్టె మీద నాలుగు వేళ్ళతో దరువు అందుకున్నాడు, రెండో పాటకే. "ఏ ఊరి గుంటల్రా ఈళ్ళు?" అన్నాడు. చెప్పాను. "మా పాటలు కూడా ఎవరైనా ఇలా పట్టుంటే బాగుణ్ణు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

లోపాలున్నాయి. రికార్డింగు ఒక్కో బ్యాండుకీ ఒక్కోలా ఉంది, సౌండ్ ఒకచోట పెంచాలి, ఇంకోచోట తగ్గించాలి. చివర్లో ఆర్టిఫిషియల్ పీస్‌కీ డెడ్‌లైన్‌కీ తేడా తెలియడానికి నాకు ఏడాది పట్టింది. కొన్ని పాటల్లో కోపం తప్ప ఏమీ లేదు.

కొత్తగా వినేవాళ్ళు 32 పాటలూ ఒకేసారి పెట్టుకోవద్దు. ముందు మైనర్ థ్రెట్, తర్వాత వాయిడ్ వినండి. మిగతావి మర్నాడు.