బ్రూనై, సింగపూర్: డాలర్ విలువ ఒకటే, దారులు వేరు

బ్రూనై డాలర్ సింగపూర్‌లో చెల్లుతుంది, సింగపూర్ డాలర్ బ్రూనైలో చెల్లుతుంది. 1967 ఒప్పందం ప్రకారం రెండింటి విలువా సమానమే. పోలిక దాదాపు అక్కడితో సరి.

1963లో సింగపూర్ మలేసియాలో చేరి, రెండేళ్లకే బయటికొచ్చింది. బ్రూనై అసలు చేరనేలేదు. చమురు ఆదాయంపై పేచీ అందుకు ఒక ముఖ్య కారణం. 1929లో అక్కడి సెరియా పట్టణంలో బయటపడిన చమురే బ్రూనైకి ధైర్యం మరి! బ్రిటన్ నీడలోనే ఉండి, 1984లో పూర్తి స్వతంత్రమైంది.

సింగపూర్‌కు చమురు బావులు లేవు. ఓడరేవు, శుద్ధి కర్మాగారాలు, బ్యాంకులతో ఎదిగింది. ఎన్నికలున్నాయి, జీతంపై పన్నూ ఉంది. బ్రూనైలో 1967 నుంచి సుల్తాన్ హసనల్ బోల్కియాదే అధికారం; ప్రధాని కూడా ఆయనే. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, పౌరులకు వైద్యం దాదాపు ఉచితం. కానీ ప్రభుత్వాన్ని ప్రశ్నించే వీలు తక్కువ, మద్యం అమ్మకం నిషేధం, షరియా శిక్షాస్మృతి అమల్లో ఉంది.

ఉద్యోగానికైతే సింగపూరే మేలు. చూడటానికి మాత్రం నా ఓటు బ్రూనైకే: కాంపొంగ్ అయర్‌లో నదిపై స్తంభాల మీద నిలిచిన ఇళ్లు, తెంబురాంగ్ అడవులు. రాత్రి సందడి కావాలంటే అటు వెళ్లకండి.