టామియా రంగులు, వాష్, వెదరింగ్ మాస్టర్: కోనసీమ చెమ్మలో ఎంతవరకు పనికొస్తాయి?

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన జపాన్ విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఎగిరి వచ్చిన నకజిమా బీ5ఎన్ రకానివి. మన తీరం చరిత్రలో చోటున్న ఆ విమానాన్ని ఎయిర్‌ఫిక్స్ వారి 1/72 కిట్టుతో (అసలు కొలతలో 72వ వంతుండే ప్లాస్టిక్ నమూనా విడిభాగాలతో) అమలాపురంలోని మా ఇంట్లో కట్టి, జపాన్ సంస్థ టామియా అక్రిలిక్ రంగులు, అదే సంస్థ ప్యానెల్ లైన్ యాక్సెంట్ కలర్ (రేకుల అతుకు గీతల్లోకి పారే పలుచని రంగు, అంటే వాష్), వాడకపు మసి, అరుగుదల చూపే వెదరింగ్ మాస్టర్ వాడి పూర్తిచేశాను. ఈ సామగ్రి మీద సమీక్షలకు కొదవ లేదు గానీ, ముసురు పట్టిందంటే గోడలు కూడా చెమ్మెక్కే మన డెల్టాలో అవి ఎలా పనిచేస్తాయో చెప్పేవి నాకు కనబడలేదు. అందుకే వాతావరణాన్ని పక్కన పెట్టకుండా రాస్తున్నాను.

ముందు రంగుల సంగతి. టామియా అక్రిలిక్ రంగుల్లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి అవి త్వరగా ఆరతాయి, వాసన తక్కువ, చేతికంటిన రంగు నీళ్ళతో పోతుంది. ఆ త్వరగా ఆరే గుణమే కుంచెతో వేసేవారికి ఇబ్బంది తెస్తుంది. రెండో పూత వేసేటప్పుడు కింది పూత కరిగి కుంచెతోపాటు లేచి వస్తుంది. కనుక ఈ రంగుల అసలు పనితనం చూడాలంటే ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే పనిముట్టు) తప్పదు. రంగును పలుచన చేసే టామియా ఎక్స్-20ఎ థిన్నర్‌ను రంగుకు సమానంగానో, కాస్త ఎక్కువగానో కలిపి, 15 నుంచి 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిలో పలుచని పూతలుగా వేస్తే రివెట్ల గుర్తులు కూడా పూడిపోకుండా నునుపైన పొర కూర్చుంటుంది. అయితే ఇక్కడి గాలిలోని తేమ, ఎయిర్‌బ్రష్‌కు గాలినిచ్చే కంప్రెసర్‌లో నీరుగా మారి గొట్టం గుండా వచ్చి రంగు మీద చుక్కలుగా పడుతుంది. వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టి ఆపే భాగం) లేని కంప్రెసర్‌తో శ్రావణ, భాద్రపదాల్లో ఈ పని పెట్టుకోవద్దని నా గట్టి సలహా. తాకితే అంటుకోనంత మాత్రాన పూత గట్టిపడినట్టు కాదు కాబట్టి, ఎండాకాలంలో మర్నాటికి మొదలుపెట్టే తరువాతి దశను వానాకాలంలో ఇంకో రోజు ఆపడం మంచిది.

పైభాగానికి ఎక్స్ఎఫ్-11, అడుగు భాగానికి ఎక్స్ఎఫ్-12 సరిపోతాయి. జపాన్ నౌకాదళపు ఆకుపచ్చ, బూడిద రంగులుగానే టామియా వీటిని తయారుచేస్తోంది. సీసాలోంచి తీసిన ఆకుపచ్చ ఇంత చిన్న నమూనా మీద మరీ ముదురుగా కనిపిస్తుందని నా అభిప్రాయం. పదిహేనున్నర మీటర్ల రెక్కల విస్తారం ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లకు కుదించుకుపోయినప్పుడు రంగు కూడా కొంత తేలికపడితేనే కంటికి నిజమనిపిస్తుంది. అందుకని అదే పచ్చలో కొద్దిగా బూడిద కలిపి ఒక్కొక్క ప్యానెల్ (విమానం ఒంటి మీది రేకు) నడుమ పలుచగా కొట్టాను. సముద్రపు ఎండకు రంగు వెలిసిన భావం ఆ ఒక్క పనితోనే సగం వచ్చేసింది.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ప్యానెల్ లైన్ యాక్సెంట్ కలర్. ఇది ముందే పలుచన చేసి 40 మిల్లీలీటర్ల సీసాలో పోసిన ఎనామెల్ (నూనె ఆధారిత రంగు) వాష్. మూతకే సన్నని కుంచె ఉంటుంది. రెక్క మీద రెండు గీతలు కలిసే చోట కుంచె కొస ఆనించి పట్టుకుంటే చాలు, ద్రవం దానంతట అదే గీత వెంట పరుగెత్తి ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) అంచు దాకా చేరుకుంటుంది. మిగిలిన మరకను కాస్త ఆరనిచ్చి, ఎనామెల్ థిన్నర్‌లో తడిపి పిండిన కాటన్ బడ్‌తో రెక్క ముందు అంచు నుంచి వెనక్కి, అంటే గాలి వీచే దిశలోనే తుడవాలి. అలా తుడిచినప్పుడు గీతల్లో నిలిచిన రంగుతోపాటు ఉపరితలం మీద సన్నని చారలు మిగులుతాయి. చమురు, వాన, ఉప్పు నీళ్ళు కలిసి నిజమైన విమానం మీద వదిలే చారలు అవే. ఆకుపచ్చ మీద నలుపు బాగుంది. లేత అడుగు భాగానికి మాత్రం బూడిద వాష్ వాడాలి. అక్కడ నలుపు పోస్తే గీతలు తప్ప విమానం కనిపించదు.

దీనికి ఒక షరతు ఉంది. వాష్ కింద ఎక్స్-22 వంటి నిగనిగలాడే వార్నిష్ పూత ఉండి తీరాలి. అక్రిలిక్ పొరను ఎనామెల్ థిన్నర్ కరిగించదు గానీ, రంగు వేయని ప్లాస్టిక్‌లోకి, ముఖ్యంగా బిగువుగా అతికిన కీళ్ళలోకి అది చొరబడితే ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లుతుంది. చక్రాల గూళ్ళ లోపలి భాగాలను వదిలేయకుండా వార్నిష్ వేయమని అందుకే చెబుతున్నాను.

వెదరింగ్ మాస్టర్, ముఖానికి రాసే పౌడర్ డబ్బీ లాంటి పెట్టెలో మూడు రంగుల ముద్దలతో, స్పాంజి, కుంచె ఉన్న చిన్న పుల్లతో వస్తుంది. విమానాలకు బి సెట్‌లోని మసి, సి సెట్‌లోని వెండి రంగు ప్రధానం. పొగగొట్టం దగ్గర మసిని చిక్కగా అద్ది, వెనక్కి పోయేకొద్దీ పలుచబరిస్తే ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూడగానే తెలుస్తుంది. వెండి రంగును ముగ్గురు సిబ్బంది ఎక్కి దిగే రెక్క మొదలు మీద, ఇంజన్ కవచపు అంచుల మీద మాత్రమే, రంగు అరిగి లోహం బయటపడినట్టు కనిపించేలా స్పాంజితో తట్టాలి. రెక్కంతా పెచ్చులూడినట్టు చేయాలనే ఉబలాటం చాలామందిలో చూస్తున్నాను. 1942 ఏప్రిల్‌కు జపాన్‌కు అమెరికా, బ్రిటన్‌లతో యుద్ధం మొదలై నాలుగు నెలలే అయింది కాబట్టి, ఈ విమానానికి అంత శిథిలం నప్పదు. ముద్ద కాస్త జిడ్డుగా ఉండడం వల్ల పొడి రంగులకన్నా బాగా పట్టుకుంటుంది. అయినా వేళ్ళు తగిలితే చెరుగుతుంది కనుక దీన్ని చివరి దశకు ఉంచుకోవాలి.

ఆఖరి మ్యాట్ వార్నిష్‌ను మబ్బు పట్టిన రోజున వేయకండి. తేమ ఎక్కువైతే అది తెల్లగా పాలిపోయి, అప్పటిదాకా పడ్డ శ్రమంతా మసకబారుతుంది. వాన తెరిపిచ్చి ఎండ కాసిన మధ్యాహ్నం అనువైన వేళ. మా ఊళ్ళో ఈ సరుకు దొరకదు కాబట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. పది మిల్లీలీటర్ల చిన్న రంగు సీసాలు ఒక్కొక్క విమానానికి ఎంతో చాలు గానీ, ఎక్స్-20ఎ మాత్రం 250 మిల్లీలీటర్ల పెద్ద సీసాయే కొనండి. కలపడానికీ, ఎయిర్‌బ్రష్ కడగడానికీ కలిపి రంగుకన్నా అదే ఎక్కువ ఖర్చవుతుంది.